ల్యాబ్ పరికరం ఆన్ కాకపోతే: గోడ నుంచి యంత్రం దాకా వరుసగా ఎలా చూడాలి

చిన్న పట్టణంలోని డయాగ్నస్టిక్ సెంటరుకైనా, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని ల్యాబ్‌కైనా, డిగ్రీ కాలేజీ మైక్రోబయాలజీ విభాగానికైనా సర్వీస్ ఇంజనీరు అదే ఊళ్లో దొరకడం అరుదు. హైదరాబాదు నుంచో విజయవాడ నుంచో ఆయన వచ్చేదాకా పని ఆగిపోతుంది. అంత దూరం వచ్చిన మనిషి సాకెట్టులో వదులైన తీగను బిగించి తిరిగి వెళ్లిన సందర్భాలు ల్యాబుల్లో పనిచేసేవారికి కొత్త కాదు. పరికరం ఆన్ కాకపోతే మన దృష్టి సహజంగా దాని లోపలికి పోతుంది. అయితే సాకెట్టు, పవర్ కార్డు, స్టెబిలైజరు, ఫ్యూజు, మూత లాక్ వంటివన్నీ యంత్రాన్ని విప్పకుండానే చూడగలిగినవి కనుక ముందుగా వాటినే చూడాలి. గోడ దగ్గర మొదలుపెట్టి యంత్రం వైపు ఒక్కొక్క అడుగు వేయండి, ఒకసారికి ఒక్క మార్పే చేయండి. కార్డు, ఫ్యూజు రెండూ ఒకేసారి మార్చేస్తే పరికరం ఆన్ అయినా లోపం ఎక్కడ ఉండిందో మీకు తెలియదు, ఆ పాడైన కార్డు రేపు మరో యంత్రానికి చేరుతుంది.

ముందు నమూనాలను కాపాడండి

పరికరం ఒక గంట ఆలస్యంగా బాగుపడినా ఫరవాలేదు, రోగి దగ్గర మళ్లీ రక్తం తీయాల్సి రావడం మాత్రం మంచిది కాదు. సెంట్రిఫ్యూజ్ (రక్తాన్ని వేగంగా తిప్పి సీరాన్నీ కణాలనూ వేరు చేసే యంత్రం) ఆగిపోయి రక్తం వేరు చేయకుండా ఉండిపోతే గది ఉష్ణోగ్రతలో కణాలు గ్లూకోజును వాడుకుంటూనే ఉంటాయి, గంటకు సుమారు 5 నుంచి 7 శాతం తగ్గుతుంది. బూడిద రంగు మూత ఉన్న ఫ్లోరైడ్ ట్యూబులో తీసిన నమూనాకు కొంత వ్యవధి దొరుకుతుంది గానీ మామూలు ట్యూబుకు ఆ వెసులుబాటు లేదు. ఆలస్యమవుతోందని వేరు చేయని రక్తాన్ని ఫ్రిజ్‌లో పెట్టకండి, ఎందుకంటే చల్లదనానికి కణాల్లోని పొటాషియం సీరంలోకి వచ్చి, రోగి ఒంట్లో లేని పెరుగుదలను రిపోర్టులో చూపిస్తుంది. రక్తం గడ్డకట్టిన ట్యూబులను నిలువుగా స్టాండులో ఉంచి, వీలైతే దగ్గరలోని మరో ల్యాబ్‌లో తిప్పించుకునే ఏర్పాటు చేయండి. ఇంక్యుబేటర్ ఆగితే తలుపు తెరవకుండా ఉంచండి. రీఏజెంట్ల ఫ్రిజ్ ఆగితే ఆ సమయాన్ని, థర్మామీటరు చూపిన అంకెను రాసుకుని, 2 నుంచి 8 డిగ్రీల హద్దు దాటకముందే రీఏజెంట్లను చల్లని పెట్టెలోకి మార్చండి.

తరువాత గ్లవ్స్ వేసుకుని, ప్లగ్గు పీకి, పరికరం పైభాగాన్ని 70 శాతం ఆల్కహాలుతో తుడిచి పూర్తిగా ఆరనివ్వండి. సీరం చిందిన యంత్రాన్ని తుడవకుండా ఎలక్ట్రీషియన్ చేతికి ఇవ్వడం ఆ మనిషికి అన్యాయం చేయడమే, అతనికి ఆ మరక ఏమిటో తెలియదు.

ఆన్ కావడం లేదంటే ఏమిటో తేల్చుకోండి

ఈ ఒక్క మాట కింద మూడు వేర్వేరు స్థితులు ఉంటాయి. ఎక్కడా లైటు లేదు, ఫ్యాను చప్పుడు లేదు, స్క్రీను నల్లగా ఉంది అంటే కరెంటు యంత్రం లోపలికి చేరడం లేదన్నమాట, కింద రాసిన దారి ముఖ్యంగా దీనికోసమే. లైటు వెలుగుతోంది, ఫ్యాను తిరుగుతోంది గానీ పని మొదలు కావడం లేదంటే కరెంటు వస్తూనే ఉంది, మూత, బల్బు, భద్రతా కటాఫ్ వంటివి అడ్డుపడుతున్నాయి. ఇక ఆన్ చేయగానే ఎంసీబీ (కరెంటు ఎక్కువైతే లైనును తెంచే స్విచ్) గానీ ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌కు లీకైతే తెంచే స్విచ్) గానీ పడిపోతుంటే అది పూర్తిగా వేరే విషయం, మళ్లీ మళ్లీ ఎత్తి ప్రయత్నించకూడదు.

కాలిన వాసన వచ్చినా, పొగ కనిపించినా, యంత్రం మీద నీళ్లు పడినా, తాకితే జిల్లుమన్నా ఈ పరీక్షలేవీ చేయకండి. ఆ లైను ఎంసీబీని దించి, తరువాత ప్లగ్గు పీకి, ఎవరూ తిరిగి పెట్టకుండా కాగితం అంటించి ఇంజనీరును పిలవండి.

యంత్రం మీద ఎన్ని స్విచ్చులున్నాయో కూడా ఇప్పుడే చూసుకోండి. చాలా అనలైజర్లకు వెనుక ఒక మెయిన్ స్విచ్, ముందు ఒక బటన్ ఉంటాయి. గది ఊడ్చేటప్పుడో బల్ల జరిపేటప్పుడో వెనుక స్విచ్ ఆఫ్ అయితే ముందు బటన్ ఎంతసేపు నొక్కినా ఫలితం ఉండదు. ఎర్రని ఎమర్జెన్సీ బటన్ ఉన్న యంత్రాల్లో అది లోపలికి నొక్కుకుపోయి ఉందేమో చూడండి, సాధారణంగా దాన్ని బాణం గుర్తు వైపు తిప్పితే పైకి లేస్తుంది.

గోడ దగ్గర

ఎక్కువ సమయం ఇక్కడే వెచ్చించండి. మొదట అదే సాకెట్టులో బాగా పనిచేస్తున్న మరో చిన్న పరికరాన్ని పెట్టి చూస్తాం, అది సరైన పనే, కానీ ఏ పరికరం పెడుతున్నామన్నది ముఖ్యం. మొబైల్ ఛార్జర్లు చాలావరకు 100 నుంచి 240 వోల్టుల మధ్య ఎక్కడైనా పనిచేస్తాయి, ఎల్‌ఈడీ బల్బుల్లో కూడా చాలా రకాలు తక్కువ వోల్టేజీలో మామూలుగానే వెలుగుతాయి. కాబట్టి ఛార్జరు పనిచేసింది కనుక సాకెట్టు బాగుందని నిర్ణయించుకోకండి. 150 వోల్టులే వస్తున్న సాకెట్టులో ఫోను ఛార్జ్ అవుతుంది, సెంట్రిఫ్యూజ్ మోటారు మాత్రం తిరగకపోవచ్చు.

స్క్రూడ్రైవర్ టెస్టరును కూడా ఇదే జాగ్రత్తతో నమ్మాలి. ఫేజ్ (కరెంటు వచ్చే తీగ) రంధ్రంలో పెట్టినప్పుడు టెస్టరు వెలిగిందంటే ఫేజ్ వస్తోందని మాత్రమే అర్థం. న్యూట్రల్ తీగ (కరెంటు తిరిగి పోయే దారి) ఎక్కడో తెగి ఉన్నా టెస్టరు అంతే ధైర్యంగా వెలుగుతుంది, యంత్రం మాత్రం కదలదు. టెస్టరు చూసి కరెంటు ఉందని చెప్పి, లోపాన్ని యంత్రం మీదికి నెట్టేయడం మన ల్యాబుల్లో తరచుగా జరిగే పొరపాటు.

అందుకే మల్టీమీటరు కావాలి. క్యాట్ త్రీ, 600 వోల్టులు అని రాసి ఉన్న మీటరునే మెయిన్స్ కొలతకు వాడండి, తీగల పైపూత ఎక్కడా చిట్లి ఉండకూడదు. మెయిన్స్ కొలవడం అలవాటు లేనివారు ఈ ఒక్క పనినీ ఎలక్ట్రీషియన్‌తో చేయించండి, పక్కన నిలబడి అంకెలు రాసుకోండి. మీటరును ఏసీ వోల్టేజీలో, 600 లేదా 750 వరకు చూపే స్థానంలో పెట్టాలి. సాకెట్టుకు ఎదురుగా నిలబడితే పైన ఉన్న పెద్ద రంధ్రం ఎర్త్, కుడివైపుది ఫేజ్, ఎడమవైపుది న్యూట్రల్ కావాలి.

మూడు కొలతలు తీసుకోండి. ఫేజ్‌కూ న్యూట్రల్‌కూ మధ్య 230 వోల్టులకు దగ్గరగా ఉండాలి, 207 నుంచి 253 మధ్య అయితే చాలా పరికరాలకు సరిపోతుంది. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య కూడా ఇంచుమించు అంతే రావాలి. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య ఒకటి రెండు వోల్టులకు మించకూడదు. మొదటి కొలత సున్నాకు దగ్గరగా ఉండి రెండో కొలత సరిగ్గా వస్తే న్యూట్రల్ తెగిందని అర్థం. మొదటిది సరిగ్గా ఉండి రెండోది రాకపోతే ఎర్తింగ్ లేదు, అలాంటి చోట యంత్రం ఆన్ అయినా దాన్ని అక్కడ వాడకూడదు. ఫేజ్, న్యూట్రల్ మధ్య 260 దాటి చూపిస్తే ఆ గదిలోని యంత్రాలన్నిటి ప్లగ్గులూ వెంటనే పీకండి.

ఈ చివరి మాటకు కారణం ఉంది. మూడు ఫేజుల సరఫరా ఉన్న భవనంలో మెయిన్ న్యూట్రల్ వదులైతే కొన్ని గదుల్లో వోల్టేజీ పడిపోతుంది, మరికొన్ని గదుల్లో 300 దాటి పోతుంది. ఒకేరోజు రెండు మూడు యంత్రాలు కలిసి ఆగిపోతే ఒక్కొక్క దాన్నీ అనుమానించకుండా ముందు మెయిన్ బోర్డులోని న్యూట్రల్‌ను చూపించండి. అది సరిచేయకుండా కొత్త ఫ్యూజులు వేస్తూ పోతే, యంత్రాన్ని కాపాడటానికి కాలిపోయిన ఫ్యూజుల స్థానంలో ఈసారి యంత్రాలే కాలిపోతాయి.

హాట్ ఎయిర్ ఓవెన్, ఆటోక్లేవ్ వంటి వేడి యంత్రాలను 6 ఆంపియర్ల సాకెట్టులోనో ఎక్స్‌టెన్షన్ బోర్డులోనో పెట్టి ఉంటే లోపం సగం తెలిసినట్టే. 2000 వాట్ల ఓవెన్ 230 వోల్టుల దగ్గర దాదాపు 9 ఆంపియర్లు తీసుకుంటుంది, అది 16 ఆంపియర్ల సాకెట్టుకు చెందిన యంత్రం. ఎక్స్‌టెన్షన్ బోర్డును దారిలోంచి తీసేసి నేరుగా గోడకు పెట్టి చూడండి, బోర్డు రంధ్రాల చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగుకు మారి ఉంటే దాన్ని ఇక వాడకండి.

స్టెబిలైజరు, యూపీఎస్

ఫ్రిజ్‌లకూ డీప్ ఫ్రీజర్లకూ పెట్టే స్టెబిలైజర్లలో చాలావాటికి కరెంటు వచ్చిన తరువాత కొన్ని నిమిషాలు ఆగి అప్పుడు సరఫరా ఇచ్చే ఏర్పాటు ఉంటుంది. ఆ కొద్ది నిమిషాల్లో యంత్రం చచ్చిపోయిందనుకుని స్విచ్ ఆఫ్ చేసి మళ్లీ వేస్తే లెక్క మళ్లీ మొదటికి వస్తుంది. ఐదు నిమిషాలు ముట్టుకోకుండా ఉండండి. స్టెబిలైజరు మీద లోపలికి వచ్చే వోల్టేజీ ఒకటి, బయటికి పోయేది ఒకటి చూపిస్తుంటే రెండూ చదవండి. వేసవిలో సాయంత్రం వేళ లోపలికి వచ్చేది దాని కనిష్ఠ హద్దు కన్నా తగ్గితే అది తనంతట తానే సరఫరా ఆపేస్తుంది, అందులో లోపమేమీ లేదు.

యూపీఎస్ మీద ఉన్న యంత్రమైతే యూపీఎస్ వెనుక ఉన్న బ్రేకర్ బటన్ బయటికి పొడుచుకుని ఉందా అని చూడండి. యంత్రాన్ని యూపీఎస్ నుంచి తీసి, ముందే కొలిచి సరిగ్గా ఉందని తేలిన గోడ సాకెట్టుకు కాసేపు పెట్టి చూస్తే లోపం ఏ వైపు ఉందో తేలిపోతుంది.

పవర్ కార్డు

కంప్యూటరుకు వాడే మూడు రంధ్రాల కార్డే చాలా ల్యాబ్ పరికరాలకూ వస్తుంది. అది పూర్తిగా దిగినట్టు కనిపించినా రెండు మూడు మిల్లీమీటర్లు బయటే ఉండిపోవడం మామూలే, అందుకని గోడ స్విచ్ ఆపి, కార్డును పూర్తిగా బయటికి తీసి మళ్లీ గట్టిగా నొక్కండి. రాత్రంతా మూసి ఉండే ల్యాబుల్లో బల్లల వెనుక ఎలుకల తిరుగుడు ఎక్కువ, కార్డు పొడవునా చేత్తో తడిమి కొరికిన గుర్తులున్నాయేమో చూడండి, అయితే అంతకుముందే రెండు చివర్లూ పీకి ఉండాలి. పక్కన బాగా పనిచేస్తున్న యంత్రం కార్డును తెచ్చి పెట్టి చూడటం తేలికైన పరీక్ష, ఆ కార్డు మీద ఉన్న ఆంపియర్ల అంకె పాతదానికి తక్కువ కాకుండా చూసుకోండి. కార్డు ఎర్త్ పిన్నును కోసి రెండు పిన్నులతో వాడుతున్న చోట ఆ కార్డును ఈరోజే పారేయండి.

డిజిటల్ బ్యాలెన్సు, పీహెచ్ మీటరు వంటివి అడాప్టరుతో నడుస్తాయి. అడాప్టరు మీద రాసిన వోల్టులు, ఆంపియర్లు, అది ఏసీ ఇస్తుందా డీసీ ఇస్తుందా, మధ్య పిన్ను ప్లస్సా మైనస్సా అన్న నాలుగూ సరిపోలాలి. పిన్ను ఇమిడింది కదా అని పక్క యంత్రం అడాప్టరు పెట్టడం వల్ల బాగున్న బ్యాలెన్సు పాడవుతుంది. అడాప్టరుకున్న చిన్న లైటు, యంత్రానికి తగిలించనప్పుడు స్థిరంగా వెలిగి, తగిలించగానే ఆరిపోతుంటేనో మిణుకుమంటుంటేనో అడాప్టరు బలహీనపడిందని గానీ యంత్రం లోపల షార్టు ఉందని గానీ అర్థం. సరైన మరో అడాప్టరుతోనూ అలాగే జరిగితే షార్టే.

ఫ్యూజు

కార్డు వచ్చి చేరే చోటే, దాని పైనో కిందో ఒక చిన్న సొరుగు ఉంటుంది. గోడ దగ్గర ప్లగ్గు పీకి, కార్డు తీసేసిన తరువాత చిన్న స్క్రూడ్రైవర్‌తో ఆ సొరుగును లాగితే ఒకటి గానీ రెండు గానీ ఫ్యూజులు కనిపిస్తాయి. 5 మిల్లీమీటర్ల వ్యాసం, 20 మిల్లీమీటర్ల పొడవు ఉండే గాజు గొట్టమే ఎక్కువ యంత్రాల్లో వాడతారు. కొన్ని సొరుగుల్లో అదనపు ఫ్యూజు ఒకటి ముందే పెట్టి ఉంటుంది, దాన్నీ చూడండి.

గాజులోంచి తీగ కనిపిస్తోంది కనుక ఫ్యూజు బాగుందని అనుకోకూడదు, చివరనున్న లోహపు టోపీ లోపల తెగితే కంటికి కనిపించదు, తెల్లని పింగాణీ గొట్టమైతే అసలేమీ కనిపించదు. మల్టీమీటరును కంటిన్యుటీలో (తీగ తెగిందో లేదో చూపే స్థానంలో) పెట్టి రెండు చివర్లకూ తాకించి బీప్ వస్తుందా అని వినండి. తెగిన ఫ్యూజు తన కథ కొంత చెబుతుంది. గాజు శుభ్రంగా ఉండి తీగ మధ్యలో సన్నగా తెగితే కొద్దిపాటి అధిక భారమో, పాతబడటమో కారణం కావచ్చు. గాజు లోపలంతా నల్లగానో వెండి పూసినట్టుగానో అయితే లోపల పెద్ద షార్టు జరిగింది, అప్పుడు కొత్త ఫ్యూజు వేయకుండా ఇంజనీరును పిలవడమే సరైనది.

మార్చేటప్పుడు అంకె ఒక్కటే చూస్తే చాలదు. టోపీ మీద 3.15 ఆంపియర్లు, 250 వోల్టులు అనే అంకెలకు ముందు ‘టీ’ అని ఉంటే అది కాస్త ఆలస్యంగా తెగే రకం, ‘ఎఫ్’ అని ఉంటే వెంటనే తెగే రకం. మోటారు గానీ పెద్ద ట్రాన్స్‌ఫార్మరు గానీ ఉన్న యంత్రం ఆన్ అయిన క్షణంలో ఎక్కువ కరెంటు లాగుతుంది, ‘టీ’ ఉండాల్సిన చోట ‘ఎఫ్’ వేస్తే యంత్రంలో ఏ లోపమూ లేకుండానే ఫ్యూజు పోతుంది. పింగాణీ ఫ్యూజు స్థానంలో గాజుది వేయకండి. ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజు వేయడం, సిగరెట్ పెట్టె రేకు చుట్టడం, రాగి తీగ కట్టడం వంటివి ఏ పరిస్థితిలోనూ చేయకూడదు. సరైన ఫ్యూజు ఒక్కసారి మాత్రమే మార్చండి. అది కూడా పోతే మీ వైపు పని ముగిసింది.

విదేశాల నుంచి తెచ్చిన, ముఖ్యంగా అమెరికా నుంచి వచ్చిన పాత పరికరాల వెనుక 115, 230 అని రాసి ఉన్న చిన్న ఎంపిక స్విచ్ ఉండవచ్చు. మన దగ్గర అది 230 మీదే ఉండాలి. 115 మీద పెట్టి మన సాకెట్టుకు కలిపితే ఫ్యూజుతో పాటు లోపలి పవర్ సప్లై కూడా పోయే ప్రమాదం ఉంది.

కరెంటు ఉన్నా కదలని యంత్రాలు

సెంట్రిఫ్యూజ్ మూత సరిగ్గా పడకపోతే మోటారు తిరగదు, అది దాని భద్రత. మూత లాక్ దగ్గర పగిలిన ట్యూబు గాజు, ఎండిన సీరం ఉన్నాయేమో చూసి శుభ్రం చేయండి. కరెంటు లేక మూత తెరుచుకోకపోతే ప్లగ్గు పీకి, రోటరు పూర్తిగా ఆగిందని మూతలోని కిటికీ గుండా చూసి నిర్ధారించుకున్న తరువాతే అత్యవసర విడుదల రంధ్రాన్నో తాడునో వాడాలి, అది ఎక్కడుందో మీ యంత్రం పుస్తకంలో ఉంటుంది.

మైక్రోస్కోపు చీకటిగా ఉంటే ముందు వెలుతురు తిప్పే మీట కనిష్ఠంలో ఉందేమో చూసి, తరువాత బల్బును అనుమానించండి. హాలోజెన్ రకాల్లో 6 వోల్టులు, 20 వాట్ల బల్బు ఎక్కువగా కనిపిస్తుంది. చల్లారాక, కొత్తదాన్ని వట్టి వేళ్లతో తాకకుండా కాగితంతో పట్టుకుని మార్చండి, చేతి జిడ్డు అంటిన చోట గాజు వేడికి దెబ్బతింటుంది.

ఇంక్యుబేటర్లకూ ఓవెన్లకూ మామూలు థర్మోస్టాట్‌తో పాటు అధిక వేడికి తెగే రెండో కటాఫ్ ఉండవచ్చు. కొన్నిటిలో అది చల్లారాక బటన్ నొక్కితే తిరిగి కలుస్తుంది. అది ఎందుకు తెగిందో చూడకుండా నొక్కకండి, లోపలి ఫ్యాను ఆగిపోయినా, అరల మీద కాగితం పరిచి గాలి దారి మూసేసినా అలాగే తెగుతుంది. ఆటోక్లేవ్‌లో నీటి మట్టం తగ్గినా, తలుపు పూర్తిగా బిగించకపోయినా వేడి మొదలు కాదు.

వానాకాలంలో చాలా రోజులు వాడకుండా ఉన్న ఓవెన్, వాటర్ బాత్ వంటివి ఆన్ చేయగానే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పడిపోవడం కోస్తా జిల్లాల్లో తరచుగా వినే ఫిర్యాదు. గొట్టపు హీటర్ల లోపలి పొడి తేమను పీల్చుకుని కరెంటును ఎర్త్‌కు లీక్ చేస్తుంది. ఆర్‌సీసీబీని తప్పించి వాడటం దీనికి పరిష్కారం కాదు, హీటరును తీసి ఆరబెట్టి, ఇన్సులేషన్ కొలిచి, అవసరమైతే మార్చే పనిని ఎలక్ట్రీషియన్‌కు ఇవ్వండి.

ఎక్కడ ఆగాలి

సాకెట్టు సరిగ్గా ఉంది, కార్డు సరిగ్గా ఉంది, ఫ్యూజు బాగుంది, మూతా స్విచ్చులూ చూశారు, అయినా లైటు రాలేదు అంటే లోపం పెట్టె లోపల ఉంది. అక్కడ మీరు ఆగాలి. చాలా యంత్రాల్లోని పవర్ సప్లై లోపల కెపాసిటర్ల (కరెంటును నిల్వ ఉంచే భాగాల) మీద సుమారు 325 వోల్టుల డీసీ నిలుస్తుంది, ప్లగ్గు పీకిన తరువాత కూడా అది కొంతసేపు ఉండిపోవచ్చు. వారంటీ సీలు సంగతి అలా ఉంచినా, ఈ ఒక్క కారణం చాలు స్క్రూలు విప్పకుండా ఉండటానికి.

ఇంజనీరుకు ఫోన్ చేసినప్పుడు మోడల్, సీరియల్ నంబరు, మూడు వోల్టేజీ కొలతలు, ఫ్యూజు స్థితి, ఆగిపోయిన సమయం, ఆ సమయంలో ఉరుము గానీ కరెంటు పోయి రావడం గానీ జరిగిందా అన్నది చెప్పండి. ఫ్యూజు ఫోటో, వెనుకవైపు లేబుల్ ఫోటో పంపండి. ఇవి చేతిలో ఉంటే ఆయన సరైన బోర్డు వెంట తెచ్చుకుంటారు, రెండోసారి రావాల్సిన పని తప్పుతుంది.

ఆన్ అయిన తరువాత

వెంటనే రోగుల నమూనాలు పెట్టకండి. అనలైజరుకు బల్బు వేడెక్కే సమయం ఇచ్చి, నీటితో బ్లాంక్ చూసి, కంట్రోల్ (విలువ ముందే తెలిసిన నమూనా) నడిపి, అది హద్దుల్లో ఉంటేనే రిపోర్టులు ఇవ్వండి. నడుస్తుండగా కరెంటు పోయిన ఎలైసా ప్లేటును పక్కన పెట్టి కొత్తగా మొదలుపెట్టండి. మధ్యలో ఆగిన ఆటోక్లేవ్ లోడును శుద్ధి కానిదిగానే లెక్కించి 121 డిగ్రీల పూర్తి చక్రాన్ని మళ్లీ నడపండి. ఇంక్యుబేటర్ 37 డిగ్రీలకు చేరి స్థిరపడిందని లోపల పెట్టిన వేరే థర్మామీటరుతో చూసుకోండి. లాగ్ పుస్తకంలో తేదీ, లోపం దొరికిన చోటు, మార్చిన భాగం రాసి, ఫ్యూజు రకాన్నీ ఆంపియర్లనూ పెద్ద అక్షరాలతో ఒక చీటీ మీద రాసి యంత్రం వెనుక అంటించండి. అదే రకం ఫ్యూజులు నాలుగైదు కొని, అందరికీ తెలిసిన సొరుగులో పెట్టండి.